పాత టి.వి.కి కొత్త తెలివి

మగ్గం మీద అమర్చిన జాకార్డును ఎప్పుడైనా చూశారా? మగ్గం చేసే పని నిజానికి చాలా సులువైనది. పడుగు దారాల్లో కొన్నింటిని పైకి లేపుతుంది, కొన్నింటిని కింద ఉంచుతుంది, మధ్యలోంచి పేకను పంపుతుంది. ఏ దారం ఎప్పుడు లేవాలో మగ్గానికి తెలియదు. ఆ సంగతి చెప్పేది పైన కూర్చున్న జాకార్డు. ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మేరీ జాకార్డ్ 1804లో రూపొందించిన ఈ సాధనం రంధ్రాలు పొడిచిన అట్టముక్కలను చదివి పువ్వులూ లతలూ నేయించేది. 1980లలో అట్టల స్థానంలోకి ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చింది. కింద నేసే పని అదే, పైన ఉండి చెప్పే తెలివి మాత్రం మారింది.

సూరత్ నగరంలోని సలాబత్‌పురాలో ఈ సంగతి పిల్లలకు సైతం కొత్త కాదు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు పక్కనే ఉన్న ఈ పేటలోనూ, లింబాయత్ వంటి ఇతర పేటలలోనూ తెలంగాణ జిల్లాల నుంచి నేతపనికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. నగరపాలక సంస్థ ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా మాధ్యమాలతో బాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మగ్గం విషయంలో ఈ ఇళ్లవారికి బాగా తెలిసిన ఒక సూత్రాన్ని ఇంట్లోని టెలివిజన్‌కు అన్వయించుకుంటే చాలా డబ్బు ఆదా అవుతుంది. ఆ సూత్రం ఏమిటో, దాని వెనుక ఉన్న విజ్ఞానం ఏమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

చిన్న ఫోనూ, పెద్ద తెరా

2020లో కరోనా కారణంగా బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. సూరత్‌లో ఉన్న తెలుగు విద్యార్థికి అవే పాఠాలు కావాలంటే ఇంటర్నెట్ దారి ఒకటుంది. టి-శాట్ పాఠాలు నేటికీ యూట్యూబ్‌లో దొరుకుతాయి. కాని ఇంట్లో ఒకటే ఫోను ఉంటే ముగ్గురు పిల్లలు ఆరంగుళాల తెర ముందు తలలు దూర్చి కూర్చోవాలి. గోడకు ఆనించి ఉన్న ఇరవయ్యొక్క అంగుళాల పాత టి.వి. మాత్రం ఆ పాఠాన్ని చూపలేదు. దానికి ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియదు.

"అయితే దాన్ని పాతసామాన్ల వాడికి వేసి స్మార్ట్ టి.వి. కొనుక్కోవాలి" అని చాలామంది అంటారు. చిన్న స్మార్ట్ టి.వి. కొనాలన్నా వేల రూపాయలు కావాలి. నిజంగా అంత ఖర్చు అవసరమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే టి.వి. పెట్టెలో ఏమి జరుగుతుందో ముందు తెలియాలి.

ఒకే పెట్టెలో ఇద్దరు పనివాళ్లు

టి.వి. రెండు వేరువేరు పనులు చేస్తుంది. మొదటి పని, వచ్చిన సంకేతాన్ని అర్థం చేసుకోవడం. రెండో పని, అర్థమైనదాన్ని తెరమీద బొమ్మగా చూపించడం.

రెండో పని ముందు చూద్దాం. పాత గాజుగొట్టం టి.వి.లో, అంటే కాథోడ్ కిరణ గొట్టం ఉన్న టి.వి.లో, వెనకనున్న ఎలక్ట్రాన్ తుపాకుల నుంచి వచ్చే ఎలక్ట్రాన్ పుంజాలు తెరమీద ఎడమ నుంచి కుడికి గీతలు గీస్తాయి. ఒక గీత పూర్తయ్యాక దాని కింద మరొకటి. పేక మీద పేక పడి బట్ట తయారైనట్లే గీత కింద గీత పడి బొమ్మ తయారవుతుంది. మన దేశం అనుసరించిన 'పాల్' పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు. వాటిలో బొమ్మను మోసేవి 576 మాత్రమే. సెకనుకు 25 పూర్తి బొమ్మలు మారతాయి. ఎల్.సి.డి. తెరలో ఎలక్ట్రాన్ పుంజం ఉండదు. బదులుగా లక్షలాది చిన్న చిన్న చుక్కలు ఒక్కొక్కటి తనకు చెప్పినంత వెలుతురును బయటికి వదులుతాయి. పద్ధతి ఏదైనా, చూపించే భాగం పదిహేను, ఇరవై ఏళ్లయినా పనిచేస్తూనే ఉండవచ్చు.

మొదటి పని అలా కాదు. సంకేతాల భాష మారినప్పుడల్లా అర్థం చేసుకునే భాగం పాతబడిపోతుంది. తెరకు ముసలితనం రాకముందే తెలివికి వస్తుంది అన్నమాట. మనం టి.వి.ని "పాతది" అంటున్నప్పుడు చాలాసార్లు పాతబడింది ఆ మొదటి పనివాడే. రెండో పనివాడు నిక్షేపంలా ఉంటాడు. అలాంటప్పుడు ఇద్దరినీ కలిపి బయట పారేయడం ఎందుకు? మొదటి వాడి పనిని బయటి పెట్టెకు అప్పగిస్తే సరిపోతుంది గదా!

ఈ ఉపాయం కొత్తది కాదు

మన దేశంలో ఈ ఉపాయాన్ని యాభై ఏళ్ల కిందటే పెద్దఎత్తున వాడారు. 1975 ఆగస్టు 1న 'సైట్' అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. 1976 జులై 31 వరకు ఏడాదిపాటు సాగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు అమెరికా ఉపగ్రహం ఎ.టి.ఎస్-6 ద్వారా కార్యక్రమాలు నేరుగా అందాయి. తెలుగు గ్రామాలకు తెలుగులోనే వచ్చాయి.

ఉపగ్రహం పంపే సంకేతం మామూలు టి.వి.కి అర్థమయ్యేది కాదు. అది 860 మెగాహెర్ట్జ్ దగ్గర, ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ పద్ధతిలో వచ్చేది. మామూలు టి.వి. ఎదురుచూసేదేమో ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్ పద్ధతిలో ఉన్న బొమ్మను. అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తన కేంద్రం ఇంజనీర్లు దీనికి ఒక పరిష్కారం ఆలోచించారు. కోళ్లగూటికి వాడే తీగవలతో చేసిన మూడు మీటర్ల ఏంటెనా, ఆ సంకేతాన్ని మార్చి ఇచ్చే కన్వర్టర్, వాటి వెంట ఒక టి.వి. సెట్టు. హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. ఈ సెట్లను తయారు చేసింది. చూపించేది టి.వి., అర్థం చేసుకునేది పక్కనున్న కన్వర్టర్.

సూరత్ ఇళ్లలోని పాత టి.వి.లకు కూడా ఇలాంటి మార్పు ఇదివరకే ఒకసారి జరిగింది. కేబుల్ ప్రసారాల డిజిటలీకరణ రెండో దశలో 2013 మార్చి 31 గడువుగా పెట్టిన 38 నగరాలలో సూరత్ ఒకటి. హైదరాబాద్, విశాఖపట్నం కూడా ఆ జాబితాలోవే. అప్పుడు ఎవరూ టి.వి.లు పారేయలేదు. పక్కన ఒక సెట్‌టాప్ బాక్సు పెట్టుకున్నారు. డిజిటల్ సంకేతాన్ని ఆ పెట్టె అర్థం చేసుకుని, పాత టి.వి.కి తెలిసిన భాషలోకి మార్చి ఇచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్ విషయంలోనూ చేయవలసింది అదే.

స్ట్రీమింగ్ అంటే ఏమిటి?

ప్రసార కేంద్రం గాలిలోకి వదిలే తరంగాన్ని ఎంతమంది పట్టుకున్నా కేంద్రానికి ఒకటే శ్రమ. ఊరంతటికీ ఒకే మైకు పెట్టినట్లు. స్ట్రీమింగ్ అలా కాదు. ఇది ఒక్కో ఇంటికి విడివిడిగా ఉత్తరం రాయడం వంటిది. మీరు అడిగిన వీడియో ఎక్కడో ఉన్న కంప్యూటర్ నుంచి చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి, మీ ఇంటి చిరునామా వెతుక్కుంటూ వస్తుంది.

మొదటి చిక్కు పరిమాణంలో ఉంది. ఒక లెక్క చేద్దాం. 'ఫుల్ హెచ్.డి.' బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. అంటే దాదాపు 20 లక్షల 74 వేల చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మలు. వీటన్నిటినీ గుణిస్తే సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు! ఇంత సమాచారాన్ని మామూలు ఇంటి ఇంటర్నెట్ మోయలేదు.

అందుకే వీడియోను కుదిస్తారు. వార్తలు చదివే మనిషి వెనకనున్న గోడ ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మారదు. మారని దాన్ని మళ్లీ మళ్లీ పంపడం దేనికి? "గోడ ఇంతకుముందు ఉన్నట్లే ఉంది, పెదవులు మాత్రం ఇలా కదిలాయి" అని చెబితే చాలు. మన కన్ను పట్టుకోలేని సూక్ష్మ వివరాలను కూడా కొంత వదిలేస్తారు. ఇలా కుదించి, తిరిగి విప్పే పద్ధతిని 'కోడెక్' అంటారు. 2003లో ప్రమాణంగా వెలువడిన 'హెచ్.264' నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. దాని తర్వాత 2013లో 'హెచ్.265', 2018లో 'ఎ.వి.1' వచ్చాయి. ఇలా కుదిస్తే ఆ 124 కోట్ల బిట్లు సుమారు 50 లక్షల బిట్లకు, అంటే 5 మెగాబిట్లకు దిగుతాయి. రెండువందల యాభైలో ఒక వంతు!

రెండో చిక్కు వేగం నిలకడగా ఉండకపోవడం. దీనికీ ఉపాయం ఉంది. ఒకే వీడియోను నాణ్యతలో తేడాలతో నాలుగైదు ప్రతులుగా తయారుచేసి, ప్రతి ప్రతినీ కొద్ది సెకన్ల ముక్కలుగా కోస్తారు. చూసే పరికరం ఒక్కో ముక్కనూ అడిగి తెచ్చుకుంటుంది. లైను వేగంగా ఉంటే మేలైన ప్రతిలోంచి, నెమ్మదిస్తే చిన్న ప్రతిలోంచి తర్వాతి ముక్క తీసుకుంటుంది. అందుకే వీడియో మధ్యలో ఒక్కోసారి బొమ్మ మసకబారి మళ్లీ తేటపడుతుంది. ఆపిల్ సంస్థ 2009లో తెచ్చిన 'హెచ్.ఎల్.ఎస్.', 2012లో అంతర్జాతీయ ప్రమాణమైన 'డాష్' ఈ పద్ధతికి చెందినవే.

ఇదంతా చేయాలంటే ఏం కావాలి? వైఫై అందుకునే రేడియో, ముక్కలను దాచే జ్ఞాపకశక్తి, కోడెక్‌ను విప్పే ప్రాసెసర్, ఎప్పటికప్పుడు మార్చుకోగల సాఫ్ట్‌వేర్. అంటే ఒక చిన్న కంప్యూటర్. నేడు ఆ కంప్యూటర్ బొటనవేలంత కడ్డీలో ఇమిడిపోయింది. అమెరికాలో 2008లో 'రోకు' పెట్టె, 2013లో 'క్రోమ్‌కాస్ట్', 2014లో 'ఫైర్ టి.వి. స్టిక్' ఈ దారిలో వచ్చాయి. ఇలాంటివాటిని మనం 'స్ట్రీమింగ్ స్టిక్' అని పిలుద్దాం.

మీ టి.వి. వెనక ఏమున్నాయి?

ఇప్పుడు టి.వి. వెనక్కి వెళ్లి అక్కడ ఉన్న రంధ్రాలను గమనించండి. మూడు రకాలలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

మొదటి రకం: వెడల్పుగా, కింది మూలలు లోపలికి కోసినట్లు ఉండే సన్నని సాకెట్. దీని పేరు హెచ్.డి.ఎం.ఐ. 2002 డిసెంబరులో తొలి ప్రమాణం వెలువడింది. ఇందులో 19 పిన్నులు ఉంటాయి. బొమ్మా, ధ్వనీ రెండూ డిజిటల్ రూపంలోనే ఒక్క తీగలో వెళతాయి. చాలా పాత ఎల్.సి.డి. టి.వి.లకు సైతం ఈ సాకెట్ ఉంటుంది. మీ టి.వి. ఈ రకానిదైతే స్టిక్‌ను గుచ్చి, రిమోట్‌తో ఆ సాకెట్‌ను ఎన్నుకుంటే చాలు. ఖర్చు ఆ స్టిక్ ధరతోనే ఆగుతుంది.

రెండో రకం: పసుపు, ఎరుపు, తెలుపు రంగుల గుండ్రని సాకెట్లు. వీటిని ఎ.వి. సాకెట్లు అంటారు. వి.సి.డి., డి.వి.డి. ప్లేయర్లను కలిపింది వీటికే. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ ధ్వనికి, ఎరుపు కుడి ధ్వనికి. ధ్వనికి ఒకే సాకెట్ ఉన్న టి.వి. అయితే తెల్ల తీగను దానికి పెట్టాలి. ఇక్కడ వెళ్లేది అనలాగ్ సంకేతం. డిజిటల్ స్టిక్‌ను నేరుగా కలపడం కుదరదు. మధ్యలో ఒక కన్వర్టర్ కావాలి.

మూడో రకం: ఒక్క ఏంటెనా సాకెట్ తప్ప మరేమీ లేనివి. బాగా పాత సెట్లు ఇలా ఉంటాయి. వీటికి కన్వర్టర్ తర్వాత 'ఆర్.ఎఫ్. మాడ్యులేటర్' అనే మరో పరికరం అవసరం. అది బొమ్మను చిన్న టి.వి. కేంద్రంలాగా ఒక ఛానల్ తరంగం మీద ఎక్కించి పంపుతుంది. ఆ ఛానల్‌ను టి.వి.లో ట్యూన్ చేసుకోవాలి. అటక మీద పనిచేసే వి.సి.ఆర్. ఉంటే దాన్నే మాడ్యులేటర్‌గా వాడుకోవచ్చు. దాని లోపల ఆ భాగం ఉంటుంది.

కన్వర్టర్ ఏం చేస్తుంది?

బజారులో ఒక చివర హెచ్.డి.ఎం.ఐ., మరో చివర మూడు రంగుల పిన్నులు ఉన్న వట్టి తీగలు దొరుకుతాయి. అవి ఈ పనికి పనికిరావు. డిజిటల్ అంకెలను అనలాగ్ తరంగంగా మార్చాలంటే లోపల ఒక చిప్ ఉండాలి, దానికి కరెంటు కావాలి. యు.ఎస్.బి. తీగతో కరెంటు అందుకునే చిన్న పెట్టె అయితేనే అది అసలైన కన్వర్టర్. దిశ కూడా చూసుకోండి. 'హెచ్.డి.ఎం.ఐ. నుంచి ఎ.వి.' వేరు, 'ఎ.వి. నుంచి హెచ్.డి.ఎం.ఐ.' వేరు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి గాని ఒకదాని పని మరొకటి చేయలేదు.

చాలా కన్వర్టర్లకు పక్కన 'పాల్', 'ఎన్.టి.ఎస్.సి.' అని చిన్న మీట ఉంటుంది. మన దేశపు టి.వి.కి అది 'పాల్' వైపు ఉండాలి. మరోవైపు ఉంటే కొన్ని టి.వి.లలో రంగు పోయి నలుపు తెలుపు బొమ్మ వస్తుంది, లేదా బొమ్మ దొర్లిపోతుంది. బొమ్మ వచ్చినా శబ్దం రాకపోతే స్టిక్ ధ్వని అమరికలలో 'స్టీరియో' లేదా 'పి.సి.ఎం.' ఎన్నుకోండి. బహుళ ఛానళ్ల డాల్బీ ధ్వనిని చాలా చిన్న కన్వర్టర్లు విప్పలేవు. కొన్ని సినిమా సేవలలో తెర నల్లగా ఉండిపోవచ్చు. నకలు తీయకుండా అడ్డుకునే 'హెచ్.డి.సి.పి.' అనే తాళం ఆ సేవలలో ఉంటుంది. ఆ తాళాన్ని గుర్తించని కన్వర్టర్‌కు అవి బొమ్మను ఇవ్వవు.

కరెంటు సంగతి కూడా తెలుసుకోవాలి. హెచ్.డి.ఎం.ఐ. సాకెట్ 5 వోల్టుల దగ్గర కేవలం 55 మిల్లీ ఆంపియర్లకు హామీ ఇస్తుంది. స్టిక్‌కు దాదాపు ఒక ఆంపియర్ కావాలి. టి.వి.కి ఉన్న పాత యు.ఎస్.బి. సాకెట్ సాధారణంగా అర ఆంపియరే ఇస్తుంది. స్టిక్ మాటిమాటికీ ఆగి మళ్లీ మొదలవుతోందంటే కారణం బహుశా ఇదే. దానితో వచ్చిన ఛార్జర్‌నే గోడ ప్లగ్గుకు పెట్టండి.

డేటా ఆదా లెక్క

గాజుగొట్టం టి.వి. తెర వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉంటాయి. నేటి వీడియోలు 16:9 నిష్పత్తిలో వస్తాయి. వెడల్పాటి బొమ్మ ఈ తెరలో ఇమడాలంటే పైనా కిందా నల్ల పట్టీలు తప్పవు. అప్పుడు బొమ్మ తెర ఎత్తులో నాలుగింట మూడు వంతులే ఆక్రమిస్తుంది. 576 గీతలలో నాలుగింట మూడు వంతులంటే 432. అంటే 1,080 గీతల వీడియో తెప్పించినా చివరికి కంటికి చేరేది 432 గీతలే! మిగిలినదంతా కన్వర్టర్ దగ్గరే వృథా.

విచిత్రం ఏమిటంటే ఈ సంగతి స్టిక్‌కు తెలియదు. హెచ్.డి.ఎం.ఐ.లో కలిపిన వెంటనే ఎదుటి పరికరం "నేను ఇంత తెరను" అని ఒక చీటీ పంపుతుంది. ఇక్కడ ఆ చీటీ పంపేది కన్వర్టర్. తాను ఫుల్ హెచ్.డి. తీసుకోగలనని అది చెబుతుంది. దాని వెనక ఉన్నది పాత గాజుగొట్టం అని చెప్పదు. స్టిక్ ఆ మాట నమ్మి పెద్ద ప్రతినే తెస్తుంది.

దీనివల్ల నష్టమెంతో చూడండి. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున ఒక గంటకు 5 × 3,600 = 18,000 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 2,250 మెగాబైట్లు, అంటే రెండుంపావు గిగాబైట్లు. అదే వీడియోను 480 గీతల నాణ్యతలో, సెకనుకు సుమారు 1.5 మెగాబిట్లతో చూస్తే గంటకు 675 మెగాబైట్లు చాలు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక, ఫోను హాట్‌స్పాట్‌తో రోజుకు 2 గిగాబైట్లు మాత్రమే ఉన్న కుటుంబాన్ని ఊహించుకోండి. మొదటి పద్ధతిలో గంట కూడా గడవకముందే డేటా అయిపోతుంది. రెండో పద్ధతిలో దాదాపు మూడు గంటల పాఠాలు చూడవచ్చు. గాజుగొట్టం మీద బొమ్మలో తేడా కనిపించదు. కనుక వీడియో అమరికలలో నాణ్యతను మీరే '480'కు తగ్గించి ఉంచండి.

ఒక లోపాన్ని మాత్రం ఒప్పుకోవాలి. పాత తెరమీద చిన్న అక్షరాలు మసకగా కనిపిస్తాయి, వణుకుతాయి. పాత టి.వి.లు బొమ్మ అంచులను కొద్దిగా తెర బయటికి తోసేస్తాయి కాబట్టి మూలల్లో ఉన్న అక్షరాలు తెగిపోవచ్చు. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో చెప్పే లెక్కల పాఠం బాగానే అర్థమవుతుంది. చిన్న అక్షరాల పట్టికలు చదవాలంటే ఎల్.సి.డి. తెర మేలు.

ఉంచుకోవాలా, మార్చాలా?

"పాత టి.వి. కరెంటు ఎక్కువ తాగుతుంది గదా?" అని మీరు అడగవచ్చు. నిజమే. లెక్క చూద్దాం. ఇరవయ్యొక్క అంగుళాల గాజుగొట్టం టి.వి. సుమారు 80 వాట్లు, చిన్న ఎల్.ఇ.డి. టి.వి. సుమారు 40 వాట్లు తీసుకుంటాయనుకుందాం. రోజుకు నాలుగు గంటల చొప్పున ఏడాదికి మొదటిది 117 యూనిట్లు, రెండోది 58 యూనిట్లు ఖర్చు చేస్తాయి. తేడా 58 యూనిట్లు పైచిలుకు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే ఏడాదికి నాలుగు వందల రూపాయలు. స్టిక్‌కూ కన్వర్టర్‌కూ కలిపి 3,500 రూపాయలు, కొత్త టి.వి.కి 12,000 రూపాయలు అయితే, ఆ 8,500 రూపాయల తేడా కరెంటు ఆదాలో తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

అయితే టి.వి. రోజుకు పన్నెండు గంటలు నడిచే ఇంట్లో లెక్క మారుతుంది. గొట్టం అరిగి బొమ్మ మసకబారినా, తరచూ మరమ్మతుకు వస్తున్నా దాని మీద డబ్బు పెట్టడం దండుగ. అప్పుడు కూడా స్మార్ట్ కాని పాత ఎల్.సి.డి. ఒకటి చవగ్గా దొరికితే, దానికి అదే స్టిక్ సరిపోతుంది. స్టిక్ మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు.

పారేయక తప్పనప్పుడు గాజుగొట్టాన్ని చెత్తకుప్పలో వేయకండి. దాని వెనకవైపు గాజులో సీసం ఉంటుంది. ఎక్స్-కిరణాలు బయటికి రాకుండా అడ్డుకోవడానికి దాన్ని కలుపుతారు. పగిలిన ముక్కల నుంచి సీసం మట్టిలోకి, నీటిలోకి చేరే ప్రమాదం ఉంది. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల పరిధిలో టి.వి.లు కూడా ఉన్నాయి. అధీకృత రీసైక్లింగ్ సంస్థలకే ఇవ్వాలి. వాడుకలో ఉన్న టి.వి. మరో అయిదేళ్లు పనిచేస్తే ఆ వ్యర్థం అయిదేళ్లు ఆలస్యంగా పుడుతుంది.

మూడు జాగ్రత్తలు

ఒకటి. టి.వి. వెనక మూతను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. రంగుల గాజుగొట్టంలో 20,000 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా అది కొంతకాలం నిలిచి ఉండవచ్చు. ఈ వ్యాసంలో చెప్పిన పనులన్నీ బయటి సాకెట్లతోనే అయిపోతాయి.

రెండు. పేరూ ఊరూ లేని చవక ఆండ్రాయిడ్ పెట్టెలకు మోసపోకండి. "అన్ని సినిమాలూ ఉచితం" అని అమ్మే కొన్ని పెట్టెలలో తయారీ దశలోనే దొంగ ప్రోగ్రాములు దూరుతున్నాయని 2023లో పరిశోధకులు బయటపెట్టారు. 'బ్యాడ్‌బాక్స్' అని దానికి పేరు పెట్టారు. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. కూడా ఇలాంటి పెట్టెల గురించి ప్రజలను హెచ్చరించింది. ఆ పెట్టె మీ వైఫైలో చేరితే మీ ఇంటర్నెట్ చిరునామా మాటున ఇతరులు నేరాలు చేయగలరు. గుర్తింపు పొందిన సంస్థ తయారుచేసి, సాఫ్ట్‌వేర్ నవీకరణలు ఇచ్చే పరికరమే కొనండి.

మూడు. బయటి తెలివి కూడా కలకాలం ఉండదు. 2025 మార్చిలో ఒక డిజిటల్ ధ్రువపత్రం గడువు తీరడంతో ప్రపంచమంతటా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు పనిచేయడం మానేశాయి. గూగుల్ సంస్థ కొద్ది రోజులకు దాన్ని సరిదిద్దింది. లోపలే తెలివి ఉన్న స్మార్ట్ టి.వి.లకూ ఈ గతి తప్పదు. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత స్మార్ట్ టి.వి.లకు, కొన్ని పాత పెట్టెలకు తన సేవను ఆపేసింది. స్టిక్ పాతబడితే మార్చవలసింది ఆ కడ్డీని మాత్రమే. స్మార్ట్ టి.వి. తెలివి పాతబడినప్పుడు కూడా కొత్త టి.వి. కొననక్కరలేదు. దానికీ ఒక స్టిక్ గుచ్చితే సరిపోతుంది.

మీరే చేసి చూడండి

స్టిక్ అమర్చిన తర్వాత రెండు చిన్న ప్రయోగాలు చేయండి. మొదటిది: తెరమీద తెల్లని బొమ్మ ఉన్నప్పుడు భూతద్దంతో దగ్గరగా చూడండి. తెలుపు ఎక్కడా కనబడదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు లేదా గీతలు మాత్రమే కనిపిస్తాయి. అవి కలిసి మీ కంటిలో తెలుపును పుట్టిస్తున్నాయి. బొమ్మ ఇంటర్నెట్ నుంచి వచ్చినా, ఏంటెనా నుంచి వచ్చినా తెర చేసే పని ఇదేనని మీకే తెలుస్తుంది.

రెండోది: ఫోను హాట్‌స్పాట్‌తో ఒక పాఠాన్ని పది నిమిషాలు '1080' నాణ్యతలో, మళ్లీ పది నిమిషాలు '480' నాణ్యతలో చూడండి. రెండుసార్లూ ఎంత డేటా ఖర్చయిందో ఫోనులో చూసి రాసుకోండి. పైన చేసిన లెక్కతో పోల్చండి. కుదింపు వీడియోను బట్టి మారుతుంది కనుక అంకెలు అచ్చంగా కలవవు. నల్లబల్ల పాఠానికి తక్కువ, క్రికెట్ ఆటకు ఎక్కువ అవుతుంది. ఎందుకో మీరే ఆలోచించండి. జవాబు ఈ వ్యాసంలోనే, వార్తలు చదివే మనిషి వెనకనున్న గోడ దగ్గర ఉంది.

కొత్త డిజైను కావలసి వచ్చినప్పుడు నేతగాడు మగ్గాన్ని అమ్ముకోడు. పైనున్న అట్టలు మారుస్తాడు, లేదా జాకార్డునే మారుస్తాడు. పరికరాలు కొనేటప్పుడు, పారేసేటప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: ఇందులో నిజంగా పాతబడిన భాగం ఏది? దానికి జవాబు దొరికితే ఇంట్లో డబ్బు మిగులుతుంది, ఊళ్లో చెత్త తగ్గుతుంది, పిల్లలకు తమ భాషలో పాఠం పెద్ద తెరమీద కనిపిస్తుంది.